లాభం కాగితం మీద ఉంది, డబ్బేది?

ప్రశ్న: నేను చేతిసంచులు కుట్టించి అమ్ముతాను. ఇద్దరు పనివాళ్లున్నారు. కొంత నగదుకు, కొంత అరువుకు అమ్ముతుంటాను. లెక్కలు కొన్ని నోట్‌బుక్కులో, కొన్ని ఫోనులో, మిగతావి నా తలలో ఉంటాయి. ఇంకో మెషీన్ కొనడానికి అప్పు అడిగితే, బ్యాంకువాళ్లు లాభనష్టాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ తెమ్మన్నారు. తెలిసినాయన ఒకరు కాగితాలన్నీ ముందేసుకుని, ఏడాదికి నికర లాభం 1,20,000 అని తేల్చారు. ఏడాది మొదట్లో చేతిలో, బ్యాంకులో కలిపి 96,000 ఉంది. అంటే ఇప్పుడు 2,16,000 ఉండాలి కదా? చూస్తే 18,000 ఉంది! ఇంట్లోవాళ్లు "ఎవరో తినేస్తున్నారు" అంటున్నారు. పనివాళ్లను అనుమానించడానికి నాకు మనసొప్పడం లేదు. ఆయన లెక్క తప్పా? అసలు లెక్కలు ఎలా రాసుకోవాలి? సాఫ్ట్‌వేర్ కొనాలా? ఈ టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఆ కాగితాలు కూడా పంపుతున్నాను.

జవాబు:

ముందు పనివాళ్ల సంగతి తేల్చేద్దాం. మీరు పంపిన అంకెలను బట్టి ఎవరూ ఏమీ తినలేదు. ఆయన లెక్కా సరిగ్గానే ఉంది. 2,16,000 ఉండాల్సిన చోట 18,000 ఉందంటే తేడా 1,98,000. అది ఎక్కడెక్కడుందో మీ కాగితాల్లోనే దొరికింది.

వరుసగా చూడండి. ఏడాది మొదట్లో మీకు రావాల్సిన అరువు బాకీలు 30,000. చివరికి అవి 70,000 అయ్యాయి. అంటే 40,000 కొన్నవాళ్ల దగ్గరే ఉండిపోయింది. మొదట్లో గుడ్డ, జిప్పులు, కుట్టిన సంచులు అన్నీ కలిపి 40,000 సరుకు ఉంటే ఇప్పుడు 75,000 ఉంది. అక్కడ ఇంకో 35,000 అరల్లో కూర్చుంది. గుడ్డ ఇచ్చేవాళ్లకు మీరు 50,000 బాకీ ఉండేవారు, దాన్ని 35,000కు దించారు. మంచి పనే, కానీ 15,000 అటు పోయింది. ఏడాది మొదట్లోనే 60,000 పెట్టి మెషీన్ కొన్నారు. నెలకు 5,000 చొప్పున ఇంటికి 60,000 వాడుకున్నారు. ఇవన్నీ కూడితే 2,10,000.

మనం వెతుకుతున్నది 1,98,000 కదా, 12,000 ఎక్కువైందేమిటి? అది తరుగుదల. మెషీన్ ఐదేళ్లు వస్తుందనుకుని ఆయన ఈ ఏడాదికి 12,000 ఖర్చు రాశారు. దానివల్ల లాభం తగ్గింది కానీ, ఆ పేరుతో ఎవరికీ డబ్బు ఇచ్చింది లేదు. మెషీన్‌కు పెట్టిన డబ్బు 60,000 ఎలాగూ పైన లెక్కలోకి వచ్చేసింది. కాబట్టి ఈ 12,000 తీసేయాలి. మిగిలింది 1,98,000. ఈ రెండు పేరాలూ ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి.

ఇక 1,20,000 ఎలా వచ్చిందో కూడా మీకు నోటికి వచ్చి ఉండాలి, బ్యాంకులో అడుగుతారు. ఏడాది అమ్మకాలు, నగదువీ అరువువీ కలిపి, 6,00,000. మొదట ఉన్న సరుకు 40,000, కొన్నది 3,20,000, అందులోంచి చివర మిగిలిన 75,000 తీసేస్తే, అమ్మిన సంచుల్లోకి పోయిన సరుకు 2,85,000. కుట్టుకూలి 1,10,000. ఈ రెండూ అమ్మకాల్లోంచి తీస్తే స్థూల లాభం 2,05,000. ఇంతవరకు వర్తకపు ఖాతా. అందులోంచి అద్దె 48,000, కరెంటు, రవాణా, ఫోను వగైరా 25,000, తరుగుదల 12,000 తీసేస్తే నికర లాభం 1,20,000. ఇది లాభనష్టాల ఖాతా. ఇంటికి వాడుకున్న 60,000 ఇందులో ఎక్కడా లేదు, చూశారా? అది వ్యాపారం ఖర్చు కాదు. మీరు పెట్టిన మూలధనంలోంచి మీరే తీసుకున్నది. దాన్ని సొంతవాడకాలు అంటారు.

మీ ఉత్తరం చదివినప్పుడు నాకు అనిపించింది ఒక్కటే. మీ దగ్గర లెక్కలు లేకపోవడం కాదు, ఉన్న లెక్కలన్నీ నగదు లెక్కలే. డబ్బు చేతికొస్తే రాస్తున్నారు, చేయి దాటితే రాస్తున్నారు. మీరు ఫొటో తీసి పంపిన నోట్‌బుక్కు పేజీలో ఒక రోజు ఇలా ఉంది: "వచ్చింది 3,000. పోయింది 950." అంతే. పక్కన పెన్సిలుతో గజిబిజిగా రాసుకున్న గుర్తులను బట్టి ఆ రోజు జరిగింది ఇది: పాత బాకీదారు ఒకరు 2,000 కట్టారు. వచ్చే నెల ఆర్డరుకు ఒకరు 1,000 అడ్వాన్సు ఇచ్చారు. దారం 450కి కొన్నారు. ఇంటికి 500 తీసుకున్నారు. ఒక దుకాణానికి పన్నెండు సంచులు 3,600కు అరువుకు పంపారు.

ఆ రోజు మీ ఆదాయం ఎంత? 3,600. నోట్‌బుక్కులో అసలు లేనిదే అది. "వచ్చింది" అని రాసిన 3,000లో ఒక్కటీ ఆ రోజు ఆదాయం కాదు. 2,000 ఎప్పుడో అమ్మిన సరుకుది, అప్పుడే అమ్మకంగా రాసి ఉండాలి. అడ్వాన్సు 1,000 అయితే సంచులు ఇచ్చేదాకా మీరు వాళ్లకు బాకీ ఉన్నట్టే లెక్క. "పోయింది" అన్న 950లో దారం 450 మాత్రమే వ్యాపారానిది. ఒక్క రోజు పేజీలోనే ఇంత ఉంటే, మూడు వందల పేజీలు కూడేసరికి లాభం ఒక దిక్కు, డబ్బు ఒక దిక్కు అయిందంటే ఆశ్చర్యం ఏముంది?

దీనికి మందు పాతదే. ప్రతి లావాదేవీకీ రెండు కొసలు ఉంటాయి, రెండూ రాయాలి. వెనిస్ వర్తకులు ఎప్పటినుంచో ఇలాగే రాసుకునేవారు. లూకా పాచోలీ అనే క్రైస్తవ సన్యాసి 1494లో అక్కడ అచ్చయిన తన గణిత గ్రంథంలో ఆ పద్ధతిని విడమరిచి చెప్పాడు. ఆయన చెప్పిన పుస్తకాలు మూడు: జరిగింది జరిగినట్టు గబగబా రాసుకునే రఫ్ పుస్తకం, దాన్ని పద్ధతిగా ఎక్కించే చిట్టా, ఒక్కో ఖాతాకూ విడిగా పేజీ ఉండే ఆవర్జా. మీ దగ్గర మొదటిది ఉంది. మిగతా రెండూ లేవు.

పై రోజునే చిట్టాలో ఎక్కిద్దాం. వచ్చినదాని ఖాతాకు డెబిట్, పోయినదాని ఖాతాకు క్రెడిట్ రాయాలి. బాకీదారు కట్టిన 2,000: నగదు డెబిట్, ఆ బాకీదారు ఖాతా క్రెడిట్. అడ్వాన్సు: నగదు డెబిట్ 1,000, ఆర్డరు ఇచ్చినవారి ఖాతా క్రెడిట్. దారం: కొనుగోళ్లు డెబిట్ 450, నగదు క్రెడిట్. ఇంటికి తీసుకున్నది: సొంతవాడకాలు డెబిట్ 500, నగదు క్రెడిట్. అరువు అమ్మకం: దుకాణం ఖాతా డెబిట్ 3,600, అమ్మకాలు క్రెడిట్. ఐదు పద్దులు, ఐదు నిమిషాల పని. ఏదైనా పద్దు దగ్గర తడబడితే మీరు వేసుకోవాల్సిన ప్రశ్న: "దీనివల్ల ఏం వచ్చింది, దానికి ఏది పోయింది?" నగదే రావాలని, నగదే పోవాలని లేదు. సంచులు పోయి "ఇస్తాం" అన్న మాట వచ్చిందంటే, ఆ మాట కూడా ఆస్తే. దానికీ ఒక ఖాతా కావాలి.

డెబిట్, క్రెడిట్ దగ్గర అందరూ పడే తికమక ఒకటుంది. ఖాతాలో డబ్బు పడితే బ్యాంకు నుంచి "క్రెడిట్ అయింది" అని మెసేజ్ వస్తుంది. మరి మన పుస్తకంలో బ్యాంకు ఖాతాకు డెబిట్ ఎందుకు రాయాలి? ఎందుకంటే ఆ మెసేజ్ బ్యాంకు తన పుస్తకం చూసి చెబుతున్నది. మీ డబ్బు తన దగ్గర ఉంది కాబట్టి బ్యాంకు మీకు బాకీ, అందుకే అక్కడ మీ పేరున క్రెడిట్. మన పుస్తకంలో అదే డబ్బు మనకు రావాల్సింది, మన ఆస్తి, అందుకే డెబిట్. క్రెడిట్ అంటే మంచి, డెబిట్ అంటే చెడు అన్న భావన ఆ మెసేజ్‌ల వల్లే పాతుకుపోయింది. దాన్ని వదిలించుకుంటే సగం భయం పోతుంది.

కొత్తవాళ్లు తరచూ తప్పు గడిలో వేసేవి ఇంకొన్ని ఉన్నాయి. అప్పు తీసుకుంటే వచ్చిన డబ్బు ఆదాయం కాదు. రేపు మీ అప్పు మంజూరైతే ఆ మొత్తాన్ని అమ్మకాల్లో కలిపేయకండి, నిజంగానే అలా చేసినవాళ్లను చూశాను. వాయిదా కట్టినప్పుడు అందులో వడ్డీ భాగం మాత్రమే ఖర్చు, అసలు భాగం అప్పును తగ్గిస్తుంది. మెషీన్ కొనడం ఆ ఏడాది ఖర్చు కాదు, అది ఆస్తి. ఏటా అరిగే మేరకే తరుగుదలగా ఖర్చులోకి వస్తుంది. అమ్మకంతో పాటు పన్ను వసూలు చేస్తుంటే అది మీది కాదు, కట్టేదాకా మీ దగ్గర దాచుకున్నది మాత్రమే.

నెలాఖరుకు ఆవర్జాలో ప్రతి ఖాతా నిల్వ తీసి, డెబిట్ నిల్వలు ఒక పక్క, క్రెడిట్ నిల్వలు ఒక పక్క వేసి కూడితే అంకణా వస్తుంది. రెండు మొత్తాలూ ఒకటే కావాలి. మొదటిసారి కావు, అలవాటు చేసుకోండి. నేను పనిలో చేరిన కొత్తలో 270 తేడా కోసం మూడు రోజులు తల పట్టుకున్నాను. పక్క సీటు పెద్దాయన వచ్చి, తేడాను తొమ్మిదితో భాగించి చూడు, శేషం లేకుండా పోతే ఎక్కడో అంకెలు తారుమారు అయినట్టు అనుమానించు అన్నారు. అప్పుడు చూస్తే 630 బదులు 360 ఎక్కించాను. డెబిట్‌కు రాయాల్సింది క్రెడిట్‌కు రాస్తే తేడా ఆ అంకెకు రెట్టింపు వస్తుంది. కాబట్టి తేడాలో సగం ఎంతో చూసి ఆ అంకె కోసం వెతకండి. ఎంతకూ దొరక్కపోతే తాత్కాలికంగా అనామతు ఖాతాలో, అంటే తేలని తేడాను పక్కన పెట్టుకునే ఖాతాలో, పెట్టవచ్చు కానీ, దాన్ని బ్యాంకుకు ఇచ్చే కాగితాల దాకా లాక్కెళ్లకండి.

అంకణా సరిపోయింది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. అసలు రాయనే రాయని పద్దును అది పట్టుకోలేదు. రెండు కొసలూ లేవు కాబట్టి మొత్తాలు సమానంగానే ఉంటాయి. పైన పనివాళ్ల గురించి "మీరు పంపిన అంకెలను బట్టి" అన్నది అందుకే. బిల్లు లేకుండా జరిగిన అమ్మకం ఉంటే ఏ పుస్తకమూ చెప్పలేదు. దానికి కాపలా వేరే ఉంది: నంబర్లు వరుసగా అచ్చయిన బిల్లు పుస్తకం, ఒక నంబరు కూడా మాయం కాకుండా చూసుకోవడం, రోజూ రాత్రి డబ్బాలో నగదు లెక్కపెట్టి పుస్తకంతో పోల్చడం. 40 తగ్గితే 40 తగ్గిందనే రాయండి. జేబులోంచి వేసి సరిచేయకండి, ఎక్కువుంటే తీసుకోకండి. తేడా ఏ రోజుల్లో వస్తోందో నెల తర్వాత పేజీలే చెబుతాయి. ఎవరినీ అడగక్కర్లేదు, అనుమానించక్కర్లేదు.

బ్యాంకు పాసుపుస్తకాన్ని కూడా నెలకోసారి మీ పుస్తకంతో పోల్చండి. మీరు ఇచ్చిన చెక్కు అవతలివాళ్లు ఇంకా వేసుకుని ఉండరు, బ్యాంకు చార్జీలు మీకు తెలియకుండా పోయి ఉంటాయి. అన్నట్టు, వ్యాపారానికి వేరే ఖాతా తెరవండి. ఇంటి కిరాణా, గుడ్డ బిల్లు ఒకే ఖాతాలోంచి పోతుంటే విడదీయడానికే ఏడాదికి వారం పడుతుంది.

ఏడాది చివర సర్దుబాట్లు ఉంటాయి. చివరి నెల అద్దె ఇంకా కట్టకపోయినా అది ఈ ఏడాది ఖర్చే. వచ్చే ఏడాదికి ముందే కట్టింది ఈ ఏడాది ఖర్చు కాదు. ఇవి తేలిక. అసలు కష్టం సరుకు దగ్గర, అరువు దగ్గర.

సరుకును కళ్లతో చూసి లెక్కపెట్టాల్సిందే, అంచనా వేయకూడదు. వెల కట్టేటప్పుడు, మీకు పడిన ఖర్చు, ఇప్పుడు అమ్మితే ఖర్చులు పోను వచ్చేది, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది వేయాలి. మీ జాబితాలో "రంగు వెలిసినవి 40" అని ఒక వరుస ఉంది. వాటికీ ఒక్కోటి 150 చొప్పున, మీకు పడిన ఖర్చే వేశారు. నిజంగా 90కి మించి రాకపోతే 90 వేయండి. సరుకు విలువ 2,400 తగ్గుతుంది, లాభమూ అంతే తగ్గుతుంది. సరుకు విలువ పెంచి రాసుకుంటే ఈ ఏడాది లాభం పెరిగినట్టు కనిపిస్తుంది, వచ్చే ఏడాది అదే మొదటి సరుకై తిరిగి మిమ్మల్నే కొడుతుంది.

అరువు 70,000 సంగతి మరీ ముఖ్యం. నా అనుభవంలో అప్పు ఇచ్చేవాళ్లు మీ లాభం మీద కంటే ఈ అంకె మీద ఎక్కువసేపు ఆగుతారు. ఏడాదిలో అమ్మకాల సంగతి అటుంచి, బాకీలు రెట్టింపు దాటాయి. ఎవరు ఎంత, ఎప్పటినుంచి అని జాబితా రాయండి: నెలలోపువి, మూడు నెలలలోపువి, ఆ పైవి. ఇక రావని తేలినవి రాని బాకీలుగా నష్టంలో రాసేయాలి. అనుమానంగా ఉన్నవాటికి కొంత కేటాయింపు చేయాలి, అంటే రాకపోవచ్చనుకున్న మేరకు లాభంలోంచి ముందే పక్కన పెట్టాలి. ఉదాహరణకు 10,000 రావని తేలితే, మీ లాభం 1,20,000 నుంచి 1,10,000 అవుతుంది. వెలిసిన సంచుల 2,400 కూడా తీస్తే 1,07,600. అంకె తగ్గిందని బాధపడకండి. అడిగినప్పుడు తడుముకోకుండా చెప్పగలిగే అంకె అదే.

ఈ సవరణలు ఇంకా చేయలేదనుకుని, ఇప్పుడున్న అంకెలతో మీ ఆస్తి అప్పుల పట్టీ ఇలా ఉంటుంది. ఆస్తుల వైపు నగదు, బ్యాంకు 18,000, రావాల్సిన బాకీలు 70,000, సరుకు 75,000, తరుగుదల పోను మెషీన్ 48,000. మొత్తం 2,11,000. పాత మెషీన్ల విలువ ఎప్పుడో అరిగిపోయిందని ఆయన సున్నా వేశారు, సరే. అప్పుల వైపు గుడ్డవాళ్లకు ఇవ్వాల్సింది 35,000, మీ మూలధనం 1,76,000. ఆ మూలధనం ఎలాగంటారా? మొదట్లో మీది 1,16,000. నగదు, బాకీలు, సరుకు కలిపి 1,66,000 ఉంటే అందులో 50,000 ఇతరులది కదా. దానికి లాభం 1,20,000 కలిపి, వాడుకున్న 60,000 తీస్తే 1,76,000. ఈ పట్టీ ఏడాది మొత్తం కథ కాదు, ఆఖరి రోజు సాయంత్రం తీసిన ఫొటో అనుకోండి. అందుకే పైన తేదీ లేకుండా ఎవరికీ ఇవ్వకండి. వీటితో పాటు, 1,98,000 ఎటు పోయిందో చెప్పే లెక్కను కూడా ఒక పేజీ రాసి జత చేయండి. అడక్కపోయినా ఇవ్వండి. దాన్నే కొంచెం పద్ధతిగా రాస్తే నగదు ప్రవాహ పట్టిక అవుతుంది.

సాఫ్ట్‌వేర్ ఇప్పుడే వద్దంటాను. నోట్‌బుక్కులో రాయని పద్దును సాఫ్ట్‌వేర్ ఎక్కడినుంచో తెచ్చిపెట్టదు. రెండు మూడు నెలలు చేత్తో గానీ, కంప్యూటర్లో మామూలు పట్టికలో గానీ రాయండి. ఏ పద్దు ఎందుకు ఎటు వెళ్తోందో చేతికి తెలిశాక కొనుక్కోండి, అప్పుడు అది నిజంగా పని తగ్గిస్తుంది. పన్ను కాగితాలు దాఖలు చేసేటప్పుడు మాత్రం అర్హత ఉన్న అకౌంటెంటుకు ఒకసారి చూపించండి. బిల్లులు ఎన్నేళ్లు దాచాలో కూడా ఆయన్నే అడగండి.

గడిచిన ఏడాదిని తవ్వి పద్దు పద్దుగా తిరగరాయాలని చూడకండి, మధ్యలోనే విసుగొచ్చి మానేస్తారు. ఒక తేదీ పెట్టుకోండి, వచ్చే నెల ఒకటో తారీఖు అనుకుందాం. దానికి ముందు రోజు సాయంత్రం నగదు లెక్కపెట్టండి, బ్యాంకు నిల్వ చూడండి, సరుకు లెక్కపెట్టండి, రావాల్సినవీ ఇవ్వాల్సినవీ పేరుపేరునా రాయండి. కొత్త పుస్తకం మొదటి పేజీలో ఎక్కేది అదే. నగదు, సరుకు ఒక పూటలో అయిపోతాయి. ఎక్కువసేపు పట్టేది బాకీల జాబితా. కానీ అది రాస్తూ రాస్తూ మూడు నెలలు దాటిన పేర్ల దగ్గరికి వచ్చాక కలం పక్కన పెట్టి, ఫోను తీస్తారు చూడండి.